కుబోకా మాస్టారి కందనకాయ

మా ఎబుకో ఊరి బడి జెండా కర్ర చివర ఒక గిలక ఉంది. అది తుప్పు పట్టి చాలా కాలమైంది. పొద్దున జెండా పైకి బాగానే వెళుతుంది. సాయంత్రం దింపబోతే సగంలో బిగుసుకుపోతుంది. అప్పుడొకరు పొడుగాటి వెదురు కర్రతో పొడిచి, ఇద్దరు తాడు లాగి, ఇంకొకరు పక్కన నిలబడి తిడితే గానీ కిందికి రాదు. గిలకకి నూనె పెట్టాలని బడి కమిటీ ప్రతి మీటింగులోనూ తీర్మానిస్తుంది. నూనె ఎవరు తేవాలన్న దగ్గర మీటింగు ముగుస్తుంది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి ఇందులో కమిటీ తప్పేమీ లేదని నాకు బాగా తెలుసు.

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. చేయూత సంస్థ హెడ్డాఫీసు నుంచి హెల్గా మేడమ్ వస్తుంది. బడి చూస్తుంది. పిల్లల మధ్యాహ్న భోజనం ఇకమీద నడపాలా, ఆపెయ్యాలా చెప్పి వెళుతుంది. అంతే.

చేయూత వాళ్ళు మొక్కజొన్నలూ చిక్కుడు గింజలూ ఇస్తారు. కట్టెలు, నీళ్ళు, వండే చేతులు ఊరివి. ఆ గంగాళం పొయ్యి ఎక్కక ముందు, మధ్యాహ్నం తిండికని ఇంటికెళ్ళిన పిల్లల్లో సగం మంది తిరిగొచ్చేవాళ్ళు కాదు. మగపిల్లలు చెరకు తోటల్లోకి పోయేవాళ్ళు, ఆడపిల్లలు తమ్ముళ్ళని చంకనేసుకుని వాగు దగ్గరికి పోయేవాళ్ళు. ఇప్పుడు గంట కొట్టి తరిమినా కదలరు. కాబట్టి ఆ రోజు ఆవిడ ఔనంటుందా కాదంటుందా అన్నది మా ఊళ్ళో చిన్న విషయం కాదు.

హెజ్రాన్ లిహండా చేయూతకి మా ప్రాంతపు మేనేజరు. కాపురం కకమెగా టౌన్లో. సంస్థ కార్డు ఎప్పుడూ మెడలో వేలాడుతూ ఉంటుంది. పెళ్ళి పీటల మీద కూడా తియ్యలేదని వాళ్ళావిడే చెప్పింది. అప్పుడప్పుడూ ఏదో పెద్ద హోటల్లో ట్రైనింగుకి వెళ్ళి, పేదరికం గురించి పొద్దంతా విని, రెండు రకాల మాంసంతో భోంచేసి వస్తాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఈమధ్య పక్క ఊరి బడికి సంస్థ సాయం ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు. హెజ్రానే కూర్చుని ఆలోచించి కారణం కనిపెట్టాడు. మేడమ్ వెళ్ళిన రోజున ఆ బడి పిల్లలందరి కాళ్ళకీ బూట్లున్నాయి.

అందుకని ఆ పొద్దున కారు దిగుతూనే తల పట్టుకున్నాడు. నేనప్పుడు అక్కడ లేను, ఇదంతా తర్వాత విన్నదే.

"మాస్టారూ, ఏంటండీ ఇదంతా?"

కుబోకా మాస్టారు మా హెడ్మాస్టరు. ఇస్త్రీ సూటు వేసుకుని, బొజ్జ ముందు పెట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఏది సారూ?"

"ఇదే! వాకిలి ఊడ్చుంది. గోడలకి సున్నముంది. ఆ నీళ్ళ ట్యాంకేంటి, అంత నీలంగా?"

"ట్యాంకులు నీలంగానే వస్తున్నాయి సారూ. ఊళ్ళోవాళ్ళు కోళ్ళమ్మి, చందాలేసుకుని కొన్నారు."

"కొంటే కొన్నారు, కనపడాలా? చూడగానే వీళ్ళకేం తక్కువంటుంది ఆవిడ. అవసరం కనపడాలి మాస్టారూ, అవసరం! ట్రైనింగులో మొట్టమొదట చెప్పేది అదే."

అప్పటినుంచి హెజ్రాన్ మా బడిని పేదగా చెయ్యడం మొదలుపెట్టాడు. ట్యాంకు మీద నల్ల టార్పాలిన్ కప్పించాడు. టార్పాలిన్ పెద్దదైపోయింది. మిగిలినదాన్ని ఏం చెయ్యాలో తెలియక వాకిట్లోకి లాగి నాలుగు కర్రలు పాతి కట్టించాడు. మాస్టారితో కలిపి ముగ్గురు టీచర్లుంటే బడి బాగా నడుస్తోందనుకుంటారని ఇద్దరిని ఇంటికి పంపేశాడు. కొత్త కంచు గంటని గోనెసంచిలో దాచాడు. జెండా కూడా కొత్తదే. దింపమన్నాడు. అది మామూలుగానే సగంలో బిగుసుకుంది. వెదురు కర్రని అంతకు ముందు రోజే ఎవరో పశువుల కొట్టానికి పట్టుకెళ్ళారు.

"పోనివ్వండి, సగమైనా తగ్గింది కదా," అన్నాడు హెజ్రాన్. "ఇక బూట్లు."

పిల్లల్ని వరసలో నిలబెట్టి బూట్లు విప్పించి, గోనెల్లో కట్టి సామాన్ల గదిలో పడేయించాడు. చిన్న తరగతిలో ఒకరిద్దరు ఏడుపందుకున్నారు. "ఏడుపు మంచిదే," అన్నాడతను. "కానీ మాట్లాడకూడదు. ఎవరేం అడిగినా తల దించుకోవాలి. ఒక్క మాట బయటికొచ్చిందా, ఈ రోజు గంగాళం దించేదే లేదు."

పొయ్యి దగ్గర గరిటె ఆగింది. మా బడి వంట రిస్పా అమ్మది. మా ఊళ్ళో ఆడవాళ్ళని పెద్ద బిడ్డ పేరుతోనే పిలుస్తాం. ఆ పెద్ద బిడ్డ రిస్పా ఏడో తరగతి, వరసలో చివర నిలబడి ఇంకా బూట్లు విప్పలేదు.

"హెజ్రాన్ బాబూ, నా కూతురి బూట్ల మీద చెయ్యెయ్యమాక," అంది రిస్పా అమ్మ.

"అమ్మా, ఇది పిల్లల కోసమే."

"పిల్లల కోసమైతే పిల్లల కాళ్ళకే ఉండనీ. వాటి కోసం రెండు పెట్టల్నీ ఒక మేకపిల్లనీ అమ్మాను. ఇంటికి చుట్టం వస్తోందంటే ఉన్నదాంట్లో మంచి గుడ్డ కట్టుకుంటాం గానీ, ఉన్న గుడ్డ విప్పుకుంటామా? మీ టౌన్లో అట్టా చేస్తారా?"

"నీ ఒక్కదాని పట్టుదలతో ఊరి పిల్లలందరి నోట్లో మన్ను పడుద్ది!"

ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "మీరన్నా చెప్పండి మాస్టారూ."

మాస్టారు ఇద్దరికీ సరిపోయేలా తలూపాడు. అలా ఊపడంలో ఆయనకి చాలా అనుభవం ఉంది.

"అట్టాగా!" అంది రిస్పా అమ్మ. "పిల్లల ఒట్టి కాళ్ళు చూపించి అడుక్కునే నోరు ఇవ్వాళే మూతపడిపోను!" గరిటె చేతిలోనే ఉంది, రెండో చేత్తో రిస్పాని పట్టుకుంది. "నా కూతురి బూట్లు కాళ్ళతోపాటే ఇంటికెళతాయి." వెళ్ళిపోయింది. గరిటె కూడా వెళ్ళిపోయింది. గరిటె లేని గంగాళం కాసేపు ఉడికి, అడుగంటి, ఊరుకుంది.

హెజ్రాన్ చివరిసారి చుట్టూ చూసుకున్నాడు. అన్నీ బాగానే పాడయ్యాయి. ఇక ఒక్కటే మిగిలింది. దానివైపు చూస్తూ గొంతు తగ్గించాడు.

"మాస్టారూ, మీరేం అనుకోకపోతే... ఆ పొట్ట."

"పొట్టా?"

"మీ పొట్ట పక్కన నిలబడి తిండి లేదని ఎట్టా చెప్పమంటారు? ఫోటో తీస్తే అదే ముందు పడుద్ది. మేడమ్ వెళ్ళిందాకా ఆ సామాన్ల గదిలో కూర్చోండి. తాళం వేస్తా, ఎవరూ రారు. మన పిల్లల భోజనం కోసం."

పిల్లల భోజనం కోసమంటే మాస్టారు కాదనలేకపోయాడు. బూట్ల గోనెల మీద, సున్నం బస్తాల మధ్య సర్దుకుని కూర్చున్నాడు. హెజ్రాన్ తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, మేడమ్‌ని తీసుకురావడానికి తారు రోడ్డుకి వెళ్ళాడు. రాత్రి వానకి దారంతా బురద కాబట్టి తొందరగా రాడు.

అద్దె బైకు నడిపే నెబర్ట్ ఆ దారినే వెళుతూ బడి ముందు ఆగాడు. వాకిట్లో నల్ల టార్పాలిన్ పందిరి. జెండా సగానికి దిగి ఉంది. గంట లేదు. టీచర్లు లేరు. పిల్లలు చెప్పుల్లేకుండా, తలలు దించుకుని, కొందరు కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నారు. రోజూ గేటు దగ్గర సూటు వేసుకుని నిలబడే మనిషి నిలబడి లేడు.

"ఏమైందిరా?" అన్నాడు నెబర్ట్.

ఎవరూ మాట్లాడలేదు.

"మాస్టారేరీ?"

చిన్నవాడొకడు వెక్కాడు. వాడు తన బూట్ల కోసం వెక్కాడు. నెబర్ట్ హెల్మెట్ తీసి గుండెకి హత్తుకున్నాడు. తర్వాత బైకెక్కి, మా ఊళ్ళో ఫోను సిగ్నలు అందని ఇళ్ళకి కూడా ఆ కబురు అందించాడు.

మా వైపు మనిషి పోతే ఎవరినీ పిలవక్కర్లేదు. పందిరి కనపడితే చాలు. సంగతేమిటని అడిగి వెళ్ళడం మర్యాద కాదు, ముందు వెళ్ళి ఏడవాలి, తర్వాత అడగాలి. మేమందరం మర్యాదగానే నడుచుకున్నాం. చర్చి వాళ్ళు కుర్చీలు మోసుకొచ్చారు. తల్లుల సంఘం నీలం గౌన్లూ తెల్ల తలగుడ్డలూ వేసుకుని వరసగా వచ్చింది. పెళ్ళికి కుట్టించుకున్న సూట్లు, క్రిస్మస్ బూట్లు, టోపీలు, ఇంట్లో ఉన్న మంచివన్నీ బయటికొచ్చాయి. ప్రతి ఇంటి నుంచీ ఒక కోడి, కొన్ని ఇళ్ళ నుంచి రెండు, పిండి బస్తాలు, అరటి గెలలు. ఇసుకుటి డప్పులు వాయిస్తూ కుర్రాళ్ళు దిగారు. ఆ డప్పుల వెనక మకోఖా తాత తన పోట్ల ఎద్దు ఇంగ్వెని నడిపించుకొచ్చాడు. ఇంగ్వె అంటే చిరుత. పెద్దమనిషి పోతే ఎద్దుని తోలుకొచ్చి వాకిలి తొక్కించడం మా ఆనవాయితీ. ఎద్దు రాని చావు కూడా ఒక చావేనా అంటాడు మకోఖా తాత.

నేను కూడా ఏడ్చాను. నా ఏడుపు బాగుందని నలుగురూ అన్నారు.

ఇంతలో మాస్టారి భార్య సెలీనా తల మీద చేతులు పెట్టుకుని, రోడ్డు పొడుగునా శోకాలు పెడుతూ వచ్చింది. ఏడుపులో చనిపోయిన మనిషితో నేరుగా మాట్లాడాలి కాబట్టి ఆవిడ మాట్లాడింది.

"ఓ నా సింహమా! పొద్దున్నే ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోతివే! నీళ్ళ డ్రమ్ము నింపమంటే సాయంత్రం చూస్తానంటివే! ఏ సాయంత్రం చూస్తావయ్యా ఇప్పుడు? మా తమ్ముడు వస్తే ముఖం మాడ్చుకుంటివే, ఇప్పుడు వాడు రాకపోతే నిన్నెవడు మోస్తాడూ!"

సామాన్ల గదిలో మాస్టారు మొదట ఇదంతా మేడమ్‌కి స్వాగతమనుకున్నాడట. డప్పులు విని, మన ఊరు మాట వినదు గదా అనుకున్నాడట. సెలీనా గొంతు విన్నాక గానీ సంగతి తెలియలేదు. తలుపు బాదుదామని చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే మకోఖా తాత గొంతు సవరించుకున్నాడు.

"కుబోకా లాంటి మనిషి మళ్ళీ పుట్టడు. చదువంటే ఆయనే. ఆయన బెత్తం పట్టుకుంటే రాయి కూడా లెక్కలు చేసేది."

మాస్టారు చెయ్యి దించాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన్ని ఎవరూ ఒక్క మంచి మాట అనలేదు. ఇంకొక్కరు మాట్లాడాక బాదుదామనుకున్నాడు. ఆ తర్వాత ఇంకొక్కరు. నా వంతు వచ్చినప్పుడు ఆయన వల్లే నా తమ్ముడు బాగుపడ్డాడని చెప్పాను. నా తమ్ముడు బాగుపడలేదు, కానీ అక్కడ అలాంటివి చెప్పకూడదు.

రిస్పా అమ్మ ఆఖర్న వచ్చింది. సంఘం గౌను, చంకలో ఊళ్ళోకెల్లా పెద్ద ఎర్ర పుంజు, చేతిలో గరిటె. పక్కన రిస్పా, బూట్లు ముఖం కనపడేలా పాలిష్ చేసుకుని. రిస్పా అమ్మ ఎవరినీ చూడకుండా తిన్నగా పొయ్యి దగ్గరికెళ్ళి కూర్చుంది. నేను వెళ్ళి పలకరించాను.

"అన్నా, నా నోరే చంపేసింది ఆయన్ని," అంది. "పొద్దున నోరు మూతపడిపోవాలని తిట్టాను. ఇంత తొందరగా పనిచేస్తదనుకోలేదు."

"అయ్యో, ఆయన టైము అట్టా ఉంది, నువ్వేం చేస్తావమ్మా?"

"కానీ అన్నమాట వెనక్కి తీసుకోను. బూట్లు విప్పించడం తప్పే. మనిషి పోయినా తప్పు తప్పే." కళ్ళు తుడుచుకుని పుంజుని కోసింది.

కారు గేటు దగ్గర ఆగేసరికి వాకిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. హెజ్రాన్ దిగాడు. పందిరి, డప్పులు, ఎద్దు, శోకాలు పెడుతున్న సెలీనా.  సామాన్ల గదిలో కిటికీ లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి జేబులోకి పోయింది. తాళం చెవి ఉంది. గది వైపు చూశాడు. తాళం వేసినట్టే ఉంది. తాళం తియ్యకుండా లోపలున్న మనిషి చచ్చిపోయిన సంగతి బయట ఎవరికి తెలుస్తుంది? అప్పటికి గానీ అతనికి ఊపిరి రాలేదు.

నిజం చెప్పెయ్యడానికి నోరు తెరిచాడు కూడా. కానీ పక్కన హెల్గా మేడమ్ కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకుంటోంది. సంస్థ జీతమిచ్చి చేయించలేని పని మాస్టారు ఊరికే కూర్చుని చేస్తున్నాడు. భోజనాలయ్యాక బతికిద్దాంలే అనుకున్నాడు హెజ్రాన్.

హెల్గా మేడమ్ మా భాష పుస్తకాల్లో నేర్చుకుంది. మాకంటే శుభ్రంగా మాట్లాడుతుంది.

"మిక్కిలి విచారకరమైన వార్త," అందావిడ సెలీనా చేతులు పట్టుకుని. "వారు ఏ వ్యాధితో మరణించారు?"

సెలీనాకి ఆ సంగతి తెలియదు. మకోఖా తాత వైపు చూసింది. తాత నెబర్ట్ వైపు చూశాడు. నెబర్ట్ జెండా వైపు చూశాడు. మేడమ్ కూడా జెండా వైపు చూసి, తల వంచి, ఫోను తీసి ఫోటో పట్టి అక్కడికక్కడే హెడ్డాఫీసుకి కబురు పంపింది. మా బడి ఆవరణలో అన్నం మెతుకంత సిగ్నలు దొరికేది ఆ జెండా కర్ర కిందే.

తర్వాత భోజనాలు. వచ్చిన చుట్టానికి కోడి పెట్టకపోతే మా ఊరు ఊరే కాదు. ఆ కోడిలో కందనకాయ ఎవరికి పడితే వాళ్ళకి పెట్టేది కాదు. ఇంట్లో అయితే ఇంటాయనకి, బళ్ళో అయితే హెడ్మాస్టరుకి. కందనకాయ లేని కోడికూర పెట్టారని కాపురాలు వదిలి వెళ్ళినవాళ్ళు మా తాలూకాలో ఉన్నారు. రిస్పా అమ్మ పుంజు కందనకాయని పళ్ళెంలో పెట్టుకుని నిలబడింది.

"ఇప్పుడిది ఎవరికి పెట్టాలి తాతా? పెద్దాయన లేడు గదా."

మకోఖా తాత గడ్డం దువ్వుకున్నాడు. "మేడమ్ ఆడమనిషి, ఆమెకి పెట్టకూడదు. బడికి పెద్ద దిక్కిప్పుడు హెజ్రానే. ఆ పిల్లాడికి పెట్టు."

హెజ్రాన్ మొహమాటపడ్డాడు. పడుతూనే చెయ్యి చాపాడు.

సామాన్ల గది తలుపుకి ఒక కన్నముంది. తన చావుని భరించిన మాస్టారు, భార్య మాటల్ని భరించిన మాస్టారు, ఆ కన్నంలోంచి ఈ దృశ్యాన్ని భరించలేకపోయాడు.

"ఒరేయ్, ఆ కందనకాయ నాది!"

తలుపు చెదలు తిన్నది. పొట్ట తగలగానే చట్రంతో సహా ఊడి వచ్చింది. దానితోపాటు మాస్టారు వచ్చాడు, తల నుంచి కాళ్ళ దాకా సున్నంతో తెల్లగా. ఆయన వెనకే గోనెలు తెగి ఊరి పిల్లల బూట్లన్నీ వరదలా వాకిట్లోకి దొర్లాయి.

తల్లుల సంఘం ఒక్క గొంతుతో అరిచి కంచె దూకింది. అంత ఎత్తు కంచె వాళ్ళు దూకగలరని వాళ్ళకే తెలియదు. డప్పులవాళ్ళు డప్పులు వదిలేశారు. ఇంగ్వె మనుషులకీ ఎద్దులకీ భయపడదు గానీ తెల్లటి హెడ్మాస్టరుని ఎప్పుడూ చూడలేదు. తాత చేతిలోంచి తాడు లాక్కుని పందిట్లోంచి పరిగెత్తింది. నాలుగు కర్రలూ లేచిపోయాయి. నల్ల టార్పాలిన్ కొమ్ములకి తగులుకుని ఎద్దుతోపాటు చెరకు తోటలోకి వెళ్ళిపోయింది. ట్యాంకు నీలంగా, తళతళా మెరుస్తూ బయటపడింది.

సెలీనా ఒక్కతే కదల్లేదు. మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"బతికే ఉన్నావా?"

"ఉన్నానే."

"మరి నేనంతసేపు ఏడుస్తుంటే ఏం పీకుతున్నావు లోపల?"

"బాగా మాట్లాడుతున్నారని..."

"నేను మాట్లాడిందీ విన్నావా?"

మాస్టారు ఇరువైపులా సరిపోయేలా తలూపాడు. పిల్లలు మాత్రం ఏమీ జరగనట్టు వచ్చి ఎవరి బూట్లు వాళ్ళు వెతుక్కుంటున్నారు. "లోపలున్నారని మీకు తెలుసు గదరా, చెప్పరేం?" అని గద్దించాను. "మాట్లాడొద్దన్నారుగా," అన్నారు.

హెల్గా మేడమ్ బూట్ల కుప్ప వైపు చూసింది, ట్యాంకు వైపు చూసింది. "హెజ్రాన్, పిల్లల పాదరక్షలను గదిలో ఏల బంధించారు?"

"పాలిష్... పాలిష్ కోసం మేడమ్."

"ప్రధానోపాధ్యాయులను?"

హెజ్రాన్ కార్డు పట్టుకుని నిలబడ్డాడు. కార్డు అతనికేం సాయం చెయ్యలేదు.  అప్పుడు రిస్పా అమ్మ గరిటె చేత్తో పట్టుకుని ముందుకొచ్చింది.

"నేను చెప్తానమ్మా. మీరొస్తున్నారని దాచాం. మేం బాగున్నట్టు కనపడితే పిల్లల కూడు ఆపేస్తారట. బూట్లుంటే ఆకలుండదంట మీ లెక్కలో. చూడండి, ఆ బూట్లు మావి. ఆ ట్యాంకు మాది. ఈ సున్నం మేం కొట్టిందే. మేం లేనివాళ్ళమే, కాదనను. పాత పంట అయిపోయి కొత్తది రానప్పుడు నా ఇంట్లో పొయ్యి ఒంటిపూటే వెలుగుద్ది. కానీ లేనివాళ్ళలాగా కనపడమంటే మాకు చాతకాదు. ఆ పని నేర్పాలంటే ట్రైనింగు పెట్టండి, మాంసం పెడితే వస్తాం. మీరిస్తే పిల్లలు తింటారు, చదువుతారు. ఇవ్వరా, ఇంకో చందా వేస్తాం, అదీ చాలకపోతే నా కూతురు ఆకలితోనే ఏడో తరగతి పాసవుద్ది. బూట్లేసుకుని పాసవుద్ది! ఒట్టి కాళ్ళు చూడాలని మీకంత ముచ్చటగా ఉంటే మీ బూట్లు విప్పుకోండి."

 భోజనం పోయిందనుకున్నాం. నేను మనసులో చందా జాబితాలోంచి నా పేరు తప్పించే దారి కూడా ఆలోచించేశాను.

 మేడమ్ వంగి, బూట్లు విప్పి, పొయ్యి దగ్గర పీట మీద కూర్చుంది. "చాలా సేపు నిలబడితిని. పాదాలు నొప్పిగా ఉన్నవి," అంది. "హెజ్రాన్ రాసిన నివేదికల్లో ఈ ఊరివారికి ఏమీ లేదని, ఏమీ చేతకాదని ఉన్నది. ఊరివారు సగం చేయగలిగిన చోటనే మేము తక్కిన సగం ఇస్తాము. పక్క ఊరిలో ఎవరూ ఏమీ చేయుట లేదని అక్కడ ఆపినాము. ఇక్కడ కూడా ఆపవలెనని చెప్పుటకే నేడు వచ్చితిని." వాకిట్లో కుర్చీల వైపు, కోళ్ళ కుండల వైపు, కంచె అవతల నుంచి తొంగి చూస్తున్న తల్లుల సంఘం వైపు చూసింది. "ఒక్క పూటలో ఇదంతా ఎవరు ఏర్పాటు చేసినారు?"

"ఎవరూ చెయ్యలేదమ్మా," అన్నాడు మకోఖా తాత. "మనిషి పోయాడంటే వస్తాం."

"బ్రతికి ఉన్నవారి కొరకు కూడా వస్తారా?"

రిస్పా అమ్మ గంగాళం కింద కట్టెల మోపుని గరిటెతో తట్టింది. "ఇవి రోజూ ఎవరు తెస్తున్నారనుకున్నారు?"

మేడమ్ అడుగంటిన గంగాళంలో కాస్త పెట్టించుకుని తింది. బాగుందని అబద్ధమాడింది. అక్కడే మాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది. భోజనం ఆగదంది. వంటకి పైకప్పున్న గది కూడా అడిగి ఇప్పిస్తానంది. కందనకాయ కుబోకా మాస్టారు తిన్నాడు, సున్నంతో సహా.

కథ ఇక్కడితో అయిపోతే నేను మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టేవాణ్ణి కాదు. మేడమ్ పంపిన జెండా ఫోటోకి హెడ్డాఫీసు కరిగిపోయిందట. అదే రోజు మీటింగు పెట్టి, కీర్తిశేషుడైన ఆ మహోపాధ్యాయుడి జ్ఞాపకంగా వంటశాలకీ, పిల్లల భోజనానికీ నిధి మంజూరు చేసేసింది. ఆయన బతికే ఉన్నాడని మేడమ్ మళ్ళీ రాసింది. సంతోషమని జవాబొచ్చింది. కానీ నిధి స్మారక నిధి అట. మనిషి బతికుంటే స్మారకం చెల్లదు, డబ్బు వెనక్కి పంపాలి.

డబ్బు వెనక్కి పంపే ప్రసక్తే లేదని రిస్పా అమ్మ గరిటెతో చెప్పింది. దాంతో హెడ్డాఫీసు కాగితాల్లో మాస్టారు పోయినట్టే ఉండిపోయాడు, వంటశాల లేచింది. పునాది మేమే తవ్వాం. రిస్పా ఏడో తరగతి కడుపు నిండా తిని, బూట్లేసుకునే పాసయింది. మొన్న హెజ్రాన్ కారులో నున్నటి నల్లరాయి తెచ్చి గుమ్మం మీద బిగించాడు. దాని మీద బంగారు రంగులో "కీర్తిశేషులు కుబోకా మాస్టారి స్మారక వంటశాల" అని ఉంది. రోజూ మధ్యాహ్నం కీర్తిశేషులు దాని కిందే కుర్చీ వేసుకుని రెండోసారి వడ్డించమంటారు. ఇంగ్వె సంగతి కూడా తేలలేదు. చావుకని బయటికి తీసిన ఎద్దుని చావు లేకుండా ఇంటికి తోలుకుపోకూడదని మకోఖా తాత దాన్ని బడి గేటుకే కట్టేశాడు, తొందరేం లేదు మాస్టారూ అంటూ రోజూ ఆయన్ని పలకరించి పోతున్నాడు.

ఇప్పుడు అసలు చిక్కు. వచ్చే నెల హెడ్డాఫీసు పెద్దలందరూ ఆ రాయికి పూలమాల వెయ్యడానికి వస్తున్నారు. ఈసారి అంతా కలకల్లాడుతూ కనపడాలని హెజ్రాన్ పిల్లలకి రెండేసి జతల బూట్లు పోగేస్తున్నాడు. మాస్టారు మాత్రం సామాన్ల గదిలోకి మళ్ళీ వెళ్ళేది లేదని, మాల మెడలోనే వేయించుకుంటానని భీష్మించుకుని కూర్చున్నాడు. గదికి తలుపు కూడా లేదు. కమిటీ రెండుసార్లు కూర్చుంది, గిలక నూనె దగ్గరే ఆగిపోయింది. అయ్యా, అమ్మా, చదువుకున్నవాళ్ళు మీరు. రాయి దించాలా, మాస్టారిని దించాలా, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. రాయి చాలా బరువు. మాస్టారు ఇప్పుడు రోజూ తింటున్నాడు.